సరిచేయవలసినవి

ఒకటో వారం, సోమవారం

కొత్త సీజన్ మొదలైంది. ఆరు కార్యక్రమాలు.

ఉదయం డాబా మీద సోలార్ పలకలు తుడిచాను. నూట ఇరవై. తుడవకపోతే సాయంత్రం హాల్లో తెర వెలగదు. తెర వెలగకపోతే ఆరో బ్లాకంతా తిరిగి నా మొహం చూస్తుంది. నన్ను ఎవరైనా చూస్తే నాకు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

బ్లాకుకి ఒకే తెర, నాలుగు నుంచి ఆరు వరకు. నేను ఈ బ్లాకుకి అభిప్రాయ లేఖరిని. గోడవారన కూర్చుని, చూసేవాళ్లు ఏమంటున్నారో విని, కార్యక్రమానికొక కాగితం నింపి మర్నాడు పదింటికల్లా ప్రసార భవనానికి పంపాలి. కాగితంలో రెండు గడులు. బాగున్నవి. సరిచేయవలసినవి. అక్కడ యంత్రం ఆ కాగితం చదివి వచ్చే వారం భాగం తయారు చేస్తుంది. ఏ బ్లాకు కార్యక్రమాలు ఆ బ్లాకువే. నటులు లేరు, రచయితలు లేరు. కాగితం, యంత్రం, మేము.

ఇవాళ రెండు చూశాం. మొదటిది 'ఏడో జన్మ'. అందులో కోడలు జ్ఞాపకశక్తి పోగొట్టుకుంది. మూడు సీజన్లలో ఇది నాలుగోసారి. ఎవరూ టీ పూర్తిగా తాగరు. వానలో తడిసినవాళ్ల జుట్టు ఆరిపోయే ఉంటుంది. రెండోది 'వంటల కోట', పోయిన సీజన్ చివరి వారం మొదలైంది. అందులో వంకాయ, దోసకాయ, పనసపొట్టు కూర వండుతారు. ఈ పీఠభూమి మీద అవేవీ పండవు. చూస్తున్న ముసలివాళ్లు మాత్రం గుటకలు మింగారు. నాకు ఆ రెండోది నచ్చింది.

అన్ని సీజన్లలాగే ఉంటుంది ఇదీ. ఇప్పటికే అలసటగా ఉంది.

ఒకటో వారం, బుధవారం

ఇవాళ కొత్తది వచ్చింది. పేరు 'గువ్వలలంక'.

గువ్వలలంక అంటే ఈ బ్లాకు వాళ్ల ఊరు. గోదావరి సముద్రంలో కలిసే చోట ఉండేదట. ముప్ఫై ఒక్క ఏళ్ల క్రితం సముద్రం పైకొచ్చి ఆగిపోయింది, వెనక్కి వెళ్లలేదు. వాళ్లను లారీల్లో ఇక్కడికి తెచ్చారు. నేను ఇక్కడే పుట్టాను. నాకు ఆ ఊరు తెలియదు. యంత్రం పాత ఫోటోలూ సర్వే పటాలూ చూసి ఆ ఊరిని మళ్లీ కట్టింది. కథేమీ లేదు. ఊరి మొదట్లో బస్సు ఆగుతుంది. ఒక ఆడమనిషి గట్టు మీద చేపలు ఎండబెడుతుంది. తెర మెల్లగా వీధిలో నడుస్తుంది. అంతే.

హాలంతా అరుపులు.

"బస్సు అటేపు తిరగదురా! అటేపు కాలవుంది, ములుగుద్ది!"

"ఆ చేపలేటి, ఒకదాని మీద ఒకటి పడేసిందీ? కుళ్లిపోతాయి. ఎవత్తె అది?"

"రాయిగుడి అరుగు ఎక్కడ? అరుగు మింగేశారా?"

అందరికంటే గట్టిగా అరిచినది వరహాలమ్మ గారు. డెబ్భై ఆరేళ్లు ఆవిడకి. ముందు వరుసలో పీటేసుకుని కూర్చుంటారు, కుర్చీలు పడవు. ఆవిడ వెనకే పోలయ్య గారు. అక్కడ పడవ నడిపేవారట. ఊళ్లో ఇద్దరివీ పక్కపక్క ఇళ్లు. ఆ రెండిళ్ల మధ్య కంచె దగ్గరున్న మునగచెట్టు ఎవరిదన్న తగువు అక్కడ మొదలై ఇక్కడిదాకా వచ్చింది. చెట్టు మునిగిపోయినా తగువు మునగలేదు.

"మా ఇంటిదాకా రాలేదే!" అన్నారు వరహాలమ్మ గారు, తెర ఆరిపోగానే.

"వత్తదిలే ఒదినా. ముందు మా ఇంటికొచ్చి, అడ్రసు కనుక్కుని వత్తది."

"నీ ఇల్లు నా ఇల్లు దాటాకేరా, ఎర్రిమొహవా!"

కాగితం నింపాను. బాగున్నవి: 'ఊరి వాతావరణం ఎంతో ఆహ్లాదకరంగా ఉంది.' రెండో గడి ఖాళీగా వదిలాను. ఎవరో అంత కష్టపడి కడితే తప్పులు రాయడం మర్యాద కాదు. కాన్వెంటులో సిస్టర్ బెనెడిక్టా చెప్పేవారు: మంచి కనిపిస్తే చెప్పు, లేకపోతే నోరు మూసుకో. ఎల్‌కేజీలో మా అమ్మ రోజూ నా బుగ్గన కాటుకతో దిష్టిచుక్క పెట్టి పంపేది. సిస్టర్ గేటు దగ్గరే చేతిరుమాలుతో తుడిచేసేవారు. దేవుడిచ్చిన మొహాన్ని పాడుచేయకూడదని.

రెండో వారం, సోమవారం

'వంటల కోట' ఆగిపోయింది. దాని వేళకి తెర మీద సన్నని గీత వచ్చింది, తర్వాత సంగీతం.

"మంచివన్నీ ఆపేత్తారు," అంది మంగతాయారు. ఆవిడ మూడో అంతస్తులో ఉంటుంది, 'ఏడో జన్మ' ఒక్కటీ వదలదు. "ఆ మతిమరుపు కోడలు మాత్రం సావదు. నువ్వేం రాస్తావో ఏటో ఇందమ్మా, ఆ కాయితాల్లో."

నవ్వుతూనే అంది. అయినా ఇంటికి వచ్చి పాత నకళ్లు తీశాను. మూడేళ్లవి. 'పిట్టల బడి', 'రైలు పక్క ఇల్లు', 'అత్తిలి బాబాయి కబుర్లు'. అందరూ ఇష్టపడ్డవి. అన్నీ రెండు మూడు వారాల్లో ఆగిపోయాయి. అన్నిటికీ రెండో గడి ఖాళీ. 'ఏడో జన్మ'కి మాత్రం ప్రతి వారం రెండో గడి నిండా రాశాను. దాని విషయంలో మర్యాద కూడా నన్ను ఆపలేకపోయింది.

రెండో వారం, బుధవారం

మధ్యాహ్నం ప్రసార భవనానికి ఫోన్ చేశాను. ఫోన్ చేయడానికి ముందు అనవలసిన వాక్యాలు కాగితం మీద రాసుకున్నాను.

దామోదరం గారు మాట్లాడారు. మా బ్లాకు కాగితాలు ఆయనకే చేరతాయి.

"నియమావళి చదవలేదా ఇందుమతి గారూ? సరిచేయవలసినది ఏమీ లేదంటే ఆ కార్యక్రమం పూర్తయిపోయిందని అర్థం. యంత్రానికి ఇంక దానితో పనేముంది? రెండుసార్లు ఖాళీ వస్తే మూసేస్తుంది."

"బాగుందని రాశాను కదండీ."

"బాగుంటే చాలదండీ. తప్పుండాలి."

ఆయన గొంతులో కోపం లేదు. ఇంకో రెండు సంగతులు చెప్పారు. ఒక వస్తువును ఒక్కసారే సరిచేస్తుంది యంత్రం. మార్చినదాన్ని మళ్లీ మార్చదు. చిల్లర తప్పులు లెక్కలోకి రావు. గరిటె పొడుగు, ఆవు చెవి, అలాంటివి. ఇంకా చూపించని వాటి గురించి చెప్పాలంటే కాగితం వెనక రాయొచ్చు. యంత్రం చదువుతుంది గానీ దాన్ని తప్పుగా లెక్కపెట్టదు.

"గువ్వలలంకకి ఇప్పటికే ఒక ఖాళీ పడింది మీది," అన్నారు. "ఇంకొక్కటి పడితే అంతే."

ఫోన్ పెట్టేశాను. మూడేళ్లుగా వాళ్లు ఇష్టపడ్డవాటినన్నిటినీ నేనే, మంచి దస్తూరీతో, ఒక్కొక్కటిగా ఆపేశాను.

నాలుగింటికి రెండో భాగం. ఈసారి గోడవారన కాదు, వరహాలమ్మ గారి పీట పక్కన నేల మీద కూర్చున్నాను. వినపడిందంతా రాశాను. వాళ్లన్నది అన్నట్టే. నలభై ఒక్క తప్పులు.

"ఏటే, నేల మీద కూకున్నావ్?" అన్నారు ఆవిడ.

"సరిగ్గా వినపడటం లేదండీ అక్కడికి."

"నా గొంతు తొమ్మిదో బ్లాకుకి వినపడుద్ది," అన్నారు. కాస్త జరిగి నాకు చాప అంచు ఇచ్చారు.

మూడో వారం, బుధవారం

బస్సు కుడివైపు తిరిగింది.

ఎవరూ ఊహించలేదు. రాయిగుడి అరుగు వచ్చింది. చేపలు విడివిడిగా ఎండుతున్నాయి. పోలయ్య గారు లేచి నిలబడి చప్పట్లు కొట్టి, వెంటనే కూర్చుని, "రేవు మెట్లు తొమ్మిదండి, ఆయ్, ఏడు కాదు. దూరం నుంచి సూపించినా నాకు తెలుసుద్ది," అన్నారు. రాశాను.

తెర వీధిలో నడిచి వరహాలమ్మ గారింటికి మూడిళ్ల ఇవతల ఆగిపోయింది.

"ఇందమ్మా, రాసుకో," అన్నారు. కాగితం వెనక్కి తిప్పాను. ఆవిడ కళ్లు మూసుకుని చెప్పారు. పెంకుటిల్లు. గుమ్మానికి ఎడమపక్క నీళ్ల గాబు. తలుపు ఆకుపచ్చ, కానీ ఆకు రంగు కాదు, పడవలకు వేసే పచ్చ. పోలయ్య గారి నాన్న పడవకి వేయగా మిగిలిన రంగు ఆవిడ భర్త అడిగి తెచ్చి వేశాడట, పెళ్లయిన ఏడాదే. కింది చెక్కని దూడ నాకి నాకి అక్కడ రంగు పోయింది. ఆయన ఆ రంగు వేసిన నాలుగేళ్లకే పోయాడు. తర్వాత ఆవిడ ఎన్నడూ మళ్లీ రంగు వేయనివ్వలేదు.

"ఆ తలుపు ఒక్కసారి సూత్తే సాలు," అన్నారు. "లోపలికెల్లక్కర్లేదు."

తప్పులు ఇరవై మూడు.

నాలుగో వారం, శుక్రవారం

రెండ్రోజులుగా పొగమంచు పట్టే వలలు దులుపుతున్నాం. డ్రమ్ములో బెత్తెడు నీళ్లు కూడా పడలేదు. చేతులు పగిలాయి.

మిగతా కార్యక్రమాలపై అభిప్రాయాలు. 'డిటెక్టివ్ ఆనంద్' దొంగని పది నిమిషాల్లో పట్టుకుని నలభై నిమిషాలు ఏడుస్తాడు. దొంగ కూడా ఏడుస్తాడు. 'బాలమేధావులు'లో పిల్లలందరికీ ఒకే నవ్వు. 'గ్రహాంతర గృహిణి'లో అంగారకుడి మీద అత్తగారు ఇక్కడి అత్తగారిలాగే వంటింటి తలుపు చాటున నిలబడి వింటుంది. అక్కడ గాలి లేదు, ఎలా వినపడుతుందో. 'ఏడో జన్మ' కోడలికి జ్ఞాపకం తిరిగొచ్చింది, భర్తకి పోయింది. తప్పులన్నీ రాశాను. ఇవన్నీ చిరకాలం బతుకుతాయి.

బుధవారం గువ్వలలంక నాలుగో భాగం వచ్చింది, ఆ మూడిళ్ల దగ్గరే తిరిగింది. తప్పులు తొమ్మిది. చెప్తే సరిచేస్తోంది. సరిచేస్తే తగ్గిపోతున్నాయి. మిగిలినవాళ్లు అది చూసి సంతోషిస్తున్నారు. నేను లెక్కపెట్టుకుంటున్నాను.

హాల్లో వాళ్లకి చెప్పేశాను, దామోదరం గారు అన్నదంతా. అంతమంది ముందు నేను మాట్లాడటం అదే మొదటిసారి. చెప్పడం అయ్యాక ఎవరూ తిట్టలేదు. మంగతాయారు మాత్రం, "అయితే రైలు పక్క ఇల్లుని నువ్వే సంపేవా?" అంది. అవునన్నాను. "సరేలే," అంది. ఆ 'సరేలే' కంటే తిట్టే నయం.

ఐదో వారం, బుధవారం

ఐదో భాగమంతా వరహాలమ్మ గారి ఇల్లే.

ముందు గాబు కనిపించింది. తర్వాత పెంకులు. తర్వాత తలుపు. పడవ పచ్చ. కింద దూడ నాకిన చోట చెక్క తెల్లగా ఉంది. తెర అక్కడే ఆగి, ఎవరో వచ్చి తీస్తారన్నట్టు, చాలాసేపు ఉండిపోయింది.

ఈ సీజన్లో మొదటిసారి ఫ్యాను చప్పుడు విన్నాను.

ఆరిపోయాక అందరూ నావైపు చూశారు. నా కలం నావైపు చూస్తున్నట్టుంది.

"పెద్దమ్మా," అన్నాను మెల్లగా, "ఒక్క తప్పు చెప్పండి."

ఆవిడ తల అడ్డంగా ఊపారు. "ఏం లేదమ్మా. అలాగే ఉంది."

"బాగా చూడండి. గాబు కొంచెం..."

"గాబు అలాగే ఉంది."

పోలయ్య గారు లేచారు. "రాసెయ్యండమ్మా, తప్పు లేదని. ఒదిన తలుపు సూసుకుంది. సాలు."

"మరి మీ ఇల్లు? పక్కదే కదండీ. వచ్చే వారం అదే."

"నేను రోజూ సూత్తానేవున్నానండి, కళ్లు మూసుకుంటే," అన్నారు. ఆయన ఎప్పుడూ ఇంత చిన్న గొంతుతో మాట్లాడరు. ఆయన వెళ్లిపోయాక మంగతాయారు నా చెవిలో అంది, "రేవు దాటితే మా పుట్టిల్లు. అవతలి లంకలో." అంతే అని వెళ్లింది.

కాగితం ఖాళీగా ఉంది. పొద్దున్న పదింటికి గడువు.

ఐదో వారం, గురువారం

ఏడింటికి పలకలు తుడుస్తుంటే వరహాలమ్మ గారు డాబా ఎక్కి వచ్చారు. ఐదు అంతస్తులు. పై మెట్టు మీద కూర్చుని చాలాసేపు ఊపిరి పీల్చుకున్నారు.

"పంపేవా కాయితం?"

"లేదండీ."

"అయితే రాయి. తలుపు పసుపు రంగు."

నాకు అర్థం కాలేదు. "పచ్చే కదండీ. మీరే చెప్పారు."

"పచ్చే. పసుపని రాయి."

"పెద్దమ్మా, ఒకసారి మారిస్తే మళ్లీ మార్చదు. ఇంక ఎప్పటికీ పసుపే ఉంటుంది. కావాలంటే చెంబో, నులకమంచమో..."

"సెంబుని లెక్కెట్టుకోదని నువ్వే సెప్పేవు కదే." ఆవిడ కొంగుతో మెడ తుడుచుకున్నారు. "మీ అమ్మ నీకు దిష్టిసుక్క పెట్టలేదా?"

"పెట్టేది."

"ఎందుకెట్టింది? నీ మొగం బాగోలేకనా?"

నా చెయ్యి బుగ్గ మీదకి వెళ్లింది.

"పిల్ల మరీ ముద్దుగా ఉందనుకో, నిలవదని భయం. అందుకే ఓ మచ్చ పెట్టుకుంటాం, మన సేత్తో మనవే. బుగ్గన పెడతాం, కనపడేలా. ఎక్కడో ఈపు మీద పెడితే ఏం లాబం?"

"అబద్ధం రాయాలండీ నేను."

"సుక్క అబద్ధవా?" అన్నారు. కొంగు దోపుకుంటూ, "నేను నిన్న సూసేసేను. ఆ పోలిగాడు ఇంకా సూడలేదు. మా ఆయనకి రంగిచ్చింది ఆళ్ల నాన్నే," అన్నారు.

పలకలు తుడిచే గుడ్డతో చేతులు తుడుచుకుని, అక్కడే మోకాలి మీద కాగితం పెట్టి రాశాను. సరిచేయవలసినవి: వరహాలమ్మ గారి ఇంటి తలుపు. పసుపు రంగు ఉండాలి. నా దస్తూరీ ఎప్పుడూ అంత వంకరగా లేదు.

ఆవిడ దిగేటప్పుడు చెయ్యి పట్టుకున్నాను. ప్రతి అంతస్తు దగ్గరా ఆగాం. మూడో అంతస్తులో, "కొత్తగా ఏసిన పసుపా, ఎలిసిన పసుపా?" అని అడిగారు. రాయలేదన్నాను. "ఎలిసిందైతే బాగుణ్ణు," అన్నారు.

ఆరో వారం, బుధవారం

హాల్లో నిలబడటానికి చోటు లేదు. తొమ్మిదో బ్లాకు వాళ్లు కూడా వచ్చారు.

ఆరో భాగం వరహాలమ్మ గారింటి ముందు మొదలైంది. తలుపు పసుపు. కొత్త పసుపు, మెరుస్తోంది. దూడ నాకిన చోటు కూడా లేదు. రంగు దాన్ని కప్పేసింది. ఆ సంగతి నేను ఆలోచించలేదు.

ఎవరో "అయ్యో" అన్నారు. వరహాలమ్మ గారు పీట మీంచి లేచారు.

"ఎవడ్రా నా తలుపుకి పసుపేసింది! నీ సేతులిరగా! పెళ్లిపందిరనుకున్నావా అది? కళ్లు దొబ్బినియ్యా?"

అంత గట్టిగా తిట్టడం నేనెప్పుడూ వినలేదు. ముందు ఒకరు నవ్వారు, తర్వాత హాలంతా నవ్వింది, ఆవిడ కూడా. కూర్చున్నాక పోలయ్య గారితో, "దిష్టిసుక్కరా. నేనే రాయించేను," అని చెంగు కళ్లకు ఒత్తుకున్నారు. నేను పక్కనే ఉన్నాను. చాప అంచు మీద చెయ్యి పెట్టి ఉంచాను, ఆవిడ చెయ్యి పక్కన.

తెర కదిలింది. తాటాకుల కప్పు, బోర్లించిన పడవ, రేవు. పోలయ్య గారు వేలితో గాలిలో మెట్లు లెక్కపెట్టారు. "ఏడు. ఎనిమిది. తొమ్మిది." తర్వాత ఆయన వేలు గాలిలోనే ఆగింది. కంచె అవతల, ఆయన వైపే, మునగచెట్టు నిండా పూసి ఉంది.

ఆరిపోయింది.

"ఏరా," అన్నారు వరహాలమ్మ గారు వెనక్కి తిరక్కుండా, "బాగుందా?"

"బాగుందొదినా."

"తప్పేవన్నా ఉందా?"

నేను కలం మూత తీశాను. అందరూ నన్నే చూస్తున్నారు. ఈసారి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలుసు. మంగతాయారు ఆఖరి వరుసలో గోడకి ఆనుకుని, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

పోలయ్య గారు ముందుకు వచ్చి నా పక్కన గొంతుక్కూర్చున్నారు.

"రాయండమ్మా," అన్నారు. "ఆ మునగచెట్టు నా వైపు కాదండి. ఒదిన వైపుండాలి."

"ఆయ్, ముప్ఫయ్యొక్క ఏళ్లకి నిజం కక్కేడు!" అన్నారు వరహాలమ్మ గారు హాలంతా వినపడేలా.

"నిజం కాదొదినా. సుక్క."

"ఏదైనా సరే. రాయవే, ఆడు మాట మార్చకుండా."

రాశాను. ఆవిడకి చదవడం రాదు. అయినా వంగి, ఆ వరుస మీద వేలు ఆనించి, సిరా ఆరిందో లేదో చూశారు.